ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత గర్భం: గడ్డ సైజు కాదు, కోత లోతు చూడాలి

గర్భసంచిలో గడ్డ ఉందని తెలిసిన రోజు నుంచి చుట్టాలందరూ అడిగేది ఒక్కటే: "ఎంత సైజట?" జవాబు కూడా కాయల లెక్కలోనే వస్తుంది. ఉసిరికాయంత, నిమ్మకాయంత, బత్తాయంత. ఆపరేషన్ అయ్యాకా అదే ధోరణి. ఎన్ని తీశారు, ఎంత బరువు తూగాయి, డాక్టరు ట్రేలో పెట్టి చూపిస్తే ఎలా ఉన్నాయి. ఆ ట్రే ఫొటో ఇంటిల్లిపాది ఫోన్లలోనూ తిరుగుతుంది. ఆ తర్వాత పిల్లలు కావాలనుకునే స్త్రీకి మాత్రం ఆ ఫొటోతో పెద్ద పనిలేదు. గడ్డ గర్భసంచి గోడలో ఏ భాగంలో ఉండేది, దాన్ని తీయడానికి గోడను ఎంత లోతుకు కోశారు, ఆ కోతను ఎన్ని పొరలుగా కుట్టారు అన్నవే ఆమెకు కావాలి. బయటికి వచ్చిన గడ్డ కథ అక్కడితో అయిపోతుంది. లోపల మిగిలిన మచ్చ తొమ్మిది నెలల పాటు బిడ్డతో పాటు సాగాలి.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరం నుంచే పుట్టే గడ్డ. క్యాన్సర్ కాదు. ఫైబ్రాయిడ్ అనుకుని తీసింది చివరికి క్యాన్సర్‌గా తేలడం అరుదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో వేసిన అంచనా ప్రకారం ఈ ఆపరేషన్లు చేయించుకునే సుమారు 350 మందిలో ఒకరికి అలా జరగొచ్చు. ఈ ముప్పు వయసుతో పెరిగేది కాబట్టి పిల్లల కోసం చూసే వయసులో ఇంకా తక్కువే. గడ్డలు ఉండటం మాత్రం మహా మామూలు. అమెరికాలో జరిగిన ఒక పేరున్న అధ్యయనంలో 50 ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో సుమారు 70 శాతానికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఇవి ఉన్నాయని తేలింది. వాళ్లలో చాలామందికి ఉన్న సంగతే తెలియదు.

గోడలో ఎక్కడ?

గర్భసంచి గోడ మూడు వరసల్లో ఉంటుంది. లోపల నెలనెలా ఊడిపోయే మెత్తటి పొర. పిండం వచ్చి అతుక్కునేది దీనికే. మధ్యలో దళసరి కండరం. బయట పల్చటి తొడుగు. గడ్డ కండరంలో పుట్టి లోపలికి పెరగొచ్చు, బయటికి పెరగొచ్చు, ఉన్నచోటే ఉండి ఉబ్బొచ్చు. స్త్రీల వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో 2011లో వీటికి 0 నుంచి 8 దాకా నంబర్లు పెట్టింది. 0, 1, 2 అంటే లోపలి గదిలోకి చొచ్చుకొచ్చినవి. 3 అంటే కండరంలోనే ఉంటూ లోపలి పొరను తాకుతున్నది. 4 పూర్తిగా కండరంలో మునిగి ఉన్నది. 5, 6 బయటి వైపుకు ఉబ్బినవి. 7 బయట కాడకు వేలాడేది. గర్భసంచి ముఖద్వారం లాంటి చోట్ల వచ్చేవన్నీ 8. శ్రద్ధగా రాసిన స్కానింగ్ రిపోర్టులో ఈ నంబరు ఉంటుంది. "మల్టిపుల్ ఫైబ్రాయిడ్స్, లార్జెస్ట్ ఇంత" అని రాసి ఊరుకుంటే అది సగం రిపోర్టే. ఆ నంబరు అడిగి రాయించుకోవడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

నంబరు ఎందుకంత ముఖ్యమంటే, గర్భానికి అడ్డు తగిలే తీరు దాన్ని బట్టే మారుతుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి ప్రిట్స్, పార్కర్, ఆలివ్ అనే వైద్యులు 2009లో ఒక విశ్లేషణ చేశారు. లోపలి గదిలోకి ఉబ్బిన గడ్డలు గర్భం వచ్చే, నిలిచే అవకాశాలను తగ్గిస్తాయని, వాటిని తీస్తే అవకాశాలు మెరుగవుతాయని అందులో తేలింది. బయటికి ఉబ్బిన గడ్డలు ఉన్నా ఒకటే, తీసినా ఒకటే. తిరకాసంతా మధ్యవాటితోనే. కండరంలో మునిగిన గడ్డలు అవకాశాలను కొంత తగ్గిస్తున్నట్టే కనిపించింది. కానీ వాటిని తీసినందువల్ల ఆ తగ్గింది తిరిగొస్తుందని రుజువు దొరకలేదు. అమెరికా సంతాన వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకం కూడా దాదాపు ఇదే చెప్పింది: గదిలోకి వచ్చిన గడ్డను తీయడం మేలు, అబార్షన్లు తగ్గుతాయని మిగతావి తీయడానికి తగినంత ఆధారం లేదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. పిల్లలు కలగని స్త్రీలలో 5 నుంచి 10 శాతం మందికి ఫైబ్రాయిడ్లు ఉంటాయి. వేరే ఏ కారణమూ లేకుండా ఫైబ్రాయిడ్ ఒక్కటే అడ్డంకి అయ్యేది నూటికి ఇద్దరు ముగ్గురిలోనే. స్కానింగ్‌లో గడ్డ కళ్లకు కనపడుతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. భర్త వీర్య పరీక్ష చేయించారా, ట్యూబులు తెరిచి ఉన్నాయా, అండాలు సరిగా విడుదలవుతున్నాయా అన్నవి కళ్లకు కనపడవు. భార్య గర్భసంచి కోయించుకుని ఆరు నెలలు ఆగాక భర్తకు వీర్య పరీక్ష రాసివ్వడం కొత్తేమీ కాదు. ఆ క్రమం తలకిందులుగా ఉంది. రెండు మూడు రోజుల్లో తేలిపోయే పరీక్షలు ముందు, కత్తి తర్వాత.

లోపలి నుంచి తీస్తే

0, 1 రకం గడ్డలు, చిన్నవైన 2 రకం గడ్డలు పొట్ట కోయకుండానే తీయొచ్చు. యోని మార్గం నుంచి సన్నటి కెమెరా లోపలికి పంపి గడ్డను ముక్కలుగా చెక్కి తీస్తారు. దీన్నే హిస్టరోస్కోపీ అంటారు. అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోవచ్చు. కండర గోడకు నిలువు కోత పడదు కనుక కాన్పు సమయంలో కుట్లు విడిపోతాయన్న భయం మామూలుగా ఉండదు. ఈ ఒక్క కారణంతో సిజేరియన్ చేయించుకోవాల్సిన పనీ లేదు. "నీకు గర్భసంచి ఆపరేషన్ అయింది కదా, ఇక నార్మల్ కాదు" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తే, ఆ ఆపరేషన్ ఏ రకమో డాక్టరుతో చెప్పించాలి.

దీనికీ ఒక చిక్కుంది. గదిలో ఎదురెదురు గోడల మీద రెండు గడ్డలుండి రెండింటినీ ఒకేసారి చెక్కితే, పచ్చిగా ఉన్న ఆ రెండు చోట్లూ ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అతుకులు పడితే నెలసరి బాగా తగ్గిపోతుంది, పిండానికి చోటుండదు. అందుకే కొందరు వైద్యులు రెండు విడతల్లో తీస్తారు, లేదా నెలా రెండు నెలలకు మళ్లీ కెమెరా పెట్టి చూస్తారు. ఆపరేషన్ తర్వాత పీరియడ్స్ బ్లీడింగ్ "హమ్మయ్య, తగ్గింది" అనిపించడం మంచిదే. మరీ చుక్కలుగా మారితే మాత్రం డాక్టరుకు చెప్పాలి. అంతా సవ్యంగా ఉంటే ఒకటి నుంచి మూడు నెలల్లో గర్భం కోసం ప్రయత్నించవచ్చు.

గోడ కోసి తీస్తే

పెద్ద గడ్డలు, కండరంలో లోతుగా దిగినవి తీయడానికి పొట్ట మీద కోతతోనో, కీహోల్ పద్ధతిలోనో, రోబో సాయంతోనో గర్భసంచి గోడను కోయాలి. గడ్డను మాత్రం తీసి గర్భసంచిని ఉంచడమే మయోమెక్టమీ. ఇప్పుడు మామూలు మాటలా వినిపిస్తుంది కానీ వందేళ్ల కిందట గడ్డలు ఇబ్బంది పెడితే సంచి మొత్తం తీసేయడమే తెలిసిన దారి. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో పనిచేసిన విక్టర్ బోనీ అనే సర్జన్ ఆ అలవాటుకు ఎదురు నిలిచారు. పెళ్లయిన కొద్దికాలానికే ఆయన భార్యకు ఫైబ్రాయిడ్ల వల్ల గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ తర్వాత బోనీ తన వృత్తి జీవితంలో పెద్ద భాగం గడ్డలు తీసి గర్భసంచిని కాపాడే పద్ధతికే పెట్టారు. ఒకే గర్భసంచి నుంచి 225 గడ్డలు తీసి దాన్ని నిలబెట్టిన ఘనత ఆయనది. రక్తస్రావం ఆపడానికి ఆయన చేయించిన పట్టకారును ఇవాళ్టికీ బోనీ క్లాంప్ అనే పిలుస్తారు.

బోనీ కాలం నుంచీ ఈ ఆపరేషన్‌కు శత్రువు రక్తస్రావమే. ఇప్పుడు గడ్డ చుట్టూ వాసోప్రెసిన్ ఇంజెక్షన్ ఇచ్చి రక్తనాళాలు ముడుచుకునేలా చేస్తారు, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ ఇస్తారు. అయినా ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పుడు ఒంట్లో ఎంత రక్తం ఉందన్నది మన దగ్గర పెద్ద ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. దానికి తోడు ఏళ్ల తరబడి నెలకు పది రోజులు బ్లీడింగ్ అయిన మనిషి హిమోగ్లోబిన్ 7 దగ్గర ఉండటం వింతేమీ కాదు. ఐరన్ ఇంజెక్షన్లతోనో, అవసరమైతే కొన్నాళ్లు పీరియడ్స్ ఆపే మందుతోనో రక్తం పట్టించి అప్పుడు ఆపరేషన్ చేయడం తెలివైన పని. తర్వాత వచ్చే గర్భానికీ అదే రక్తం కావాలి.

కోతను మూయడం దగ్గరే సర్జన్ చేయి తెలుస్తుంది. గడ్డ తీసిన చోట గుంట మిగులుతుంది. దాన్ని అడుగు నుంచి పైదాకా పొరలు పొరలుగా కుట్టుకుంటూ రావాలి. పైన ఒక్క వరస వేసి వదిలేస్తే లోపల రక్తం నిలిచి అక్కడ కండరం గట్టిపడదు. రక్తం ఆపడానికి కరెంటుతో అతిగా కాల్చినా ఆ చోటు బలహీనపడుతుంది. కీహోల్ ఆపరేషన్ తర్వాత గర్భసంచి చిట్లిన కేసులను పరిశీలించినవారు ఎక్కువగా ఎత్తిచూపింది ఈ రెండు తప్పులనే. అంతమాత్రాన కీహోల్ చెడ్డది, ఓపెన్ మంచిది అనుకోనక్కర్లేదు. లోపల కుట్టడంలో చేయి తిరిగిన సర్జన్ అయితే గర్భం వచ్చే అవకాశాల్లో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, కోలుకోవడం కీహోల్‌లో తొందరగా అవుతుంది. "ఎన్ని చిన్న రంధ్రాలతో చేస్తారు?" అని అడిగేకన్నా "లోపల ఎన్ని పొరలుగా కుడతారు?" అని అడగడం నయం.

గర్భసంచి వెనక గోడ మీద కోత పడితే పేగులూ ట్యూబులూ అండాశయాలూ అక్కడ అతుక్కునే అవకాశం ఎక్కువ. అతుకులు ట్యూబును లాగిపట్టేస్తే, గడ్డ పోయి ఇంకో అడ్డు వచ్చినట్టవుతుంది. వీలైతే ముందు గోడ మీదే ఒక్క కోత పెట్టి, దానిలోంచే పక్క గడ్డలను కూడా లాగడం బోనీ నాటి నుంచీ వస్తున్న ఎత్తుగడ.

ఎన్నాళ్లు ఆగాలి అన్నదానికి ఇంటికో లెక్క, ఆస్పత్రికో లెక్క. డాక్టరు ఆరు నెలలంటారు, అత్తగారు వచ్చే నెల నుంచే ఆరా మొదలుపెడతారు. ఎంఆర్ఐ తీసి చూసిన అధ్యయనాల్లో కోత చోటు దాదాపు మూడు నెలలకు కుదుటపడుతున్నట్టు కనిపించింది. అందుకే మూడు నుంచి ఆరు నెలలన్నది చాలామంది ఒప్పుకునే లెక్క. లోతైన కోతలు, చాలా కోతలు పడితే ఇంకొంచెం ఎక్కువ చెబుతారు. మరీ ఏడాది, రెండేళ్లు వాయిదా వేయడం మాత్రం తెలివైన పని కాదు. గడ్డలు మళ్లీ వస్తాయి. స్కానింగ్‌తో వెతికి చూస్తే ఐదేళ్లలో దాదాపు సగం మందిలో కొత్తవి కనిపిస్తాయి. వాటిలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేవి కొద్ది మాత్రమే అయినా, దొరికిన ఖాళీని వాడుకోవడం మేలు. అండాల వయసు కూడా ఆగదు. 38 ఏళ్ల స్త్రీకి పెద్ద అడ్డంకి చాలాసార్లు తీసేసిన గడ్డ కాదు, ఆ 38 అన్న అంకె. అలాంటప్పుడు కొందరు ముందే ఐవీఎఫ్‌తో పిండాలు తయారుచేయించి భద్రపరుచుకుని, ఆపరేషన్ అయ్యాక గోడ మానాక లోపల పెట్టించుకుంటారు. ఖర్చు ఉంటుంది, అందరికీ అక్కర్లేదు. కానీ ఆ దారి ఉందని ఆపరేషన్‌కు ముందే తెలియాలి.

కోయకుండా చేసే వైద్యాలు

మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, గర్భసంచికి రక్తం తెచ్చే నాళాల్లో ఇసుక రేణువుల్లాంటి వాటిని వదిలితే గడ్డలకు రక్తం అందక కుంచించుకుపోతాయి. ఇదే ఎంబొలైజేషన్. పారిస్‌లో జాక్ రవినా బృందం దీన్ని మొదట ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించడానికి ముందు జాగ్రత్తగా చేసింది. తీరా చూస్తే కొందరు స్త్రీలకు బాధలన్నీ తగ్గిపోయి ఆపరేషనే వద్దన్నారు. 1995లో ఆ ఫలితాలు వెలువడ్డాక ఇదే ఒక వైద్యంగా ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లోనూ చేస్తున్నారు.

ఇది బాధలు తగ్గించడంలో మంచిదే. పిల్లలు కావాలనుకునేవారి సంగతికి వస్తే వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ప్రాగ్ నగరంలో 121 మంది స్త్రీలతో చేసి 2008లో వెలువరించిన పోలికలో, గర్భం కోసం ప్రయత్నించినవారిలో మయోమెక్టమీ అయినవారికి 78 శాతం మందికి, ఎంబొలైజేషన్ అయినవారికి 50 శాతం మందికి గర్భం వచ్చింది. అంతకంటే భయపెట్టింది అబార్షన్ల లెక్క: మయోమెక్టమీ వైపు 23 శాతం, ఎంబొలైజేషన్ వైపు 64 శాతం. చిన్న అధ్యయనమే, కానీ వైద్యుల మనసులో గట్టిగా నాటుకుంది. బ్రిటన్‌లోని 29 ఆస్పత్రుల్లో 254 మందితో జరిగి 2020లో వెలువడిన ఇంకో అధ్యయనం కొంచెం వేరే మాట చెప్పింది. రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత మయోమెక్టమీ వైపే మెరుగ్గా ఉంది. అండాశయాల్లో మిగిలిన అండాల నిల్వలో మాత్రం పెద్ద తేడా కనపడలేదు. గర్భాలు రెండు వైపులా కొద్దిగానే వచ్చాయి, అందులోనూ ఎంబొలైజేషన్ వైపు తక్కువేమీ కాదు. ఇంత కొద్ది అంకెలతో ఎవరూ తీర్పు చెప్పలేరు. ప్రస్తుతానికి చాలామంది వైద్యులు పాటించే పద్ధతి ఇది: పిల్లలు కావాలంటే ముందు మయోమెక్టమీ, అది ప్రమాదకరమైనప్పుడో పొట్ట ఇప్పటికే చాలాసార్లు కోసి ఉన్నప్పుడో ఎంబొలైజేషన్. దాని తర్వాత గర్భం వస్తే మాయ సరిగా అతుక్కోకపోవడం, కాన్పు తర్వాత బ్లీడింగ్ ఎక్కువవడం లాంటివి చూసుకోవాలి. కాబట్టి రక్తనిధి దగ్గర్లో ఉన్న ఆస్పత్రి ఎంచుకోవాలి.

శబ్ద తరంగాలను ఒకచోట కేంద్రీకరించి గడ్డను లోపలే ఉడికించేసే హైఫు పద్ధతికి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. ఎంఆర్ఐలో చూస్తూ చేసే ఈ వైద్యం తర్వాత 51 మంది స్త్రీలకు వచ్చిన 54 గర్భాల వివరాలు 2010లో వెలువడ్డాయి. నివేదిక రాసేనాటికి 41 శాతం గర్భాల్లో బిడ్డలు పుట్టారు, ఐదో వంతు గర్భాలు ఇంకా సాగుతున్నాయి, 28 శాతం అబార్షన్లు అయ్యాయి. కాన్పుల్లో 64 శాతం నార్మల్. ఆశ కలిగించే అంకెలే. అయితే ఇవి ఏరికోరి ఎంచుకున్న పేషెంట్లవి. చాలా గడ్డలున్నవాళ్లకు, మరీ పెద్ద గడ్డలున్నవాళ్లకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

మాత్రలు, ఇంజెక్షన్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ల్యూప్రొలైడ్ లాంటి ఇంజెక్షన్లు గడ్డను కొంత తగ్గిస్తాయి, పీరియడ్స్ ఆపుతాయి, ఆపేస్తే కొన్ని నెలల్లో గడ్డ మళ్లీ మొదటికొస్తుంది. అవి వాడుతున్నంత కాలం గర్భం రాదు. కాబట్టి ఆపరేషన్‌కు ముందు రక్తం పట్టించడానికి పనికొస్తాయే తప్ప పిల్లల కోసం వాడే మందులు కావు. ఇక "గడ్డలు కరిగించే" చూర్ణాలూ కషాయాలూ వాడుతూ రెండు మూడేళ్లు గడిపేయడం మన దగ్గర తరచూ కనిపిస్తుంది. కరగని గడ్డ కంటే తిరిగిరాని ఆ మూడేళ్లే పెద్ద నష్టం.

అసలు ఈ దారులేవీ చెప్పకుండా "సంచి తీసేస్తే పీడ పోతుంది" అనే మాటే ముందు వినిపించే చోటు తెలుగు నేల. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా 15-49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇద్దరు పిల్లలున్న 30 ఏళ్ల స్త్రీకి "ఇక నీకెందుకు" అని చెప్పే వైద్యుడు, ఆమెకు మళ్లీ పెళ్లి కావచ్చనో, ఇంకో బిడ్డ కావాలనిపించవచ్చనో ఆలోచించడు. సంచి తీసేశాక ఈ వ్యాసంలో చెప్పుకున్న ఏ దారీ మిగలదు.

కడుపుతో ఉన్నప్పుడు

మయోమెక్టమీ తర్వాత గర్భం వచ్చినవారిలో అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండా బిడ్డను కంటారు. భయపడేది గర్భసంచి పాత కుట్ల దగ్గర చిట్లడానికి. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అలా జరిగేది నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో. సిజేరియన్ అయినవారు తర్వాతి కాన్పు నార్మల్‌గా ప్రయత్నిస్తే ఉండే ముప్పూ దాదాపు ఇంతే. తేడా ఒకటుంది. సిజేరియన్ కోత గర్భసంచి కింది పల్చటి భాగంలో పడుతుంది. అది నొప్పులప్పుడు పెద్దగా బిగుసుకోదు. మయోమెక్టమీ కోత ఎక్కువగా పై భాగంలో, బిగుసుకునే దళసరి కండరంలో పడుతుంది. అందుకే చిట్లడం అన్నది కాన్పు నొప్పుల దాకా ఆగకుండా ఏడు, ఎనిమిది నెలల్లో, అసలు నొప్పులే మొదలవకముందు జరిగిన కేసులు చాలా ఉన్నాయి.

ఈ కారణంతోనే లోతైన కోత పడినవారికి ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్ చేస్తారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సూచన ప్రకారం 37 వారాలు నిండాక, 39 వారాల్లోపు. గోడ బాగా కోసి ఉంటే ఇంకొంచెం ముందే. మయోమెక్టమీ కోతతో "లోపలి గది దాకా తెరుచుకుందా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో సిజేరియన్ తేల్చేయడం పాత పద్ధతి. దానికి గట్టి ఆధారాలు తక్కువ. కండరంలో ఎంత మందం కోశారన్నది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. కాడకు వేలాడే గడ్డను తీసినవారికి, పైపైన చిన్న కోత పడినవారికి నార్మల్ కాన్పు ప్రయత్నించవచ్చు. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అసలే అలాంటి చోట గర్భసంచి మీద ఏదో కోత ఉందంటే నార్మల్ మాట ఎత్తేవాళ్లుండరు. అయితే సిజేరియన్ వద్దని మరీ పట్టుబట్టాల్సిన సందర్భం కూడా ఇది కాదు. లోతైన కోత ఉన్నవారికి అది నిజంగా అవసరమైన సిజేరియన్.

తీయకుండా వదిలేసిన చిన్న గడ్డలు, కొత్తగా వచ్చినవి గర్భంతో పాటు పెరిగి నాలుగైదు నెలల్లో విపరీతంగా నొప్పి పెట్టొచ్చు. పెరిగిన గడ్డకు లోపల రక్తం చాలక అలా జరుగుతుంది. చాలావరకు విశ్రాంతితో, పారాసిటమాల్‌తో తగ్గుతుంది. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక సొంతంగా వేసుకోకూడదు. బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి చేటు. బిడ్డ అడ్డం తిరగడం, ఎదురుకాళ్లు, మాయ కిందకు ఉండటం లాంటివి గడ్డలున్నవారిలో కొంచెం ఎక్కువ. మాయ పాత కోత మీద అతుక్కుందేమో స్కానింగ్‌లో ప్రత్యేకంగా చూడమని చెప్పాలి.

ఆ చూడమని చెప్పడమే అసలు చిక్కు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్తారు. ఆపరేషన్ హైదరాబాద్‌లో ఒక డాక్టరు చేసి ఉంటారు, చెకప్‌లు ఇంకో డాక్టరు దగ్గర జరిగి ఉంటాయి, కాన్పుకు చేరేది నరసరావుపేటలోనో సిరిసిల్లలోనో మూడో డాక్టరు దగ్గర. సరిగ్గా కుట్లు బాగా సాగే నెలల్లోనే మనిషి ఒక ఊరిలో, ఫైలు ఇంకో ఊరిలో. ఫైలు వెంట వచ్చినా డిశ్చార్జ్ కాగితంలో "మయోమెక్టమీ డన్" అన్న రెండు మాటలు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. కొత్త డాక్టరుకు కావలసింది ఆపరేషన్ నోట్స్. ఎన్ని కోతలు, ముందు గోడా వెనక గోడా, ఎంత లోతు, గది తెరుచుకుందా, ఎన్ని పొరల కుట్లు, కాన్పు ఎలా చేయమని సర్జన్ సలహా. అది డిశ్చార్జ్ కాగితం కాదు, వేరే పేజీ. అడిగితే ఆస్పత్రి ఇవ్వాలి. ఆపరేషన్ అయిన వారంలోనే తీసుకుని ఫోన్‌లో ఫొటో పెట్టుకుంటే, ట్రేలో గడ్డల ఫొటో పక్కనే అదీ ఉంటుంది.

పుట్టింటివాళ్లకు చెప్పాల్సిందీ ఒకటుంది. ఈ ఆపరేషన్ అయిన అమ్మాయికి ఏడో నెల తర్వాత పొట్టలో ఒక్కసారిగా మొదలై తగ్గని నొప్పి, బ్లీడింగ్, కళ్లు తిరగడం, బిడ్డ కదలిక తగ్గడం, ఊపిరి పీల్చినప్పుడు భుజం పైన నొప్పి లాంటివి వస్తే వాము నీళ్లు ఇచ్చి గ్యాస్ అని తెల్లారేదాకా చూడకూడదు. రాత్రి రెండింటికైనా ఆపరేషన్ థియేటర్, రక్తం, మత్తు డాక్టరు ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి. ఆ ఆస్పత్రి ఏదో, ఇంటి నుంచి ఎన్ని నిమిషాలో సీమంతానికి ముహూర్తం పెట్టేటప్పుడే చూసిపెట్టుకోవాలి. అది గంట దూరం దాటితే, కాన్పు ఆపరేషన్ చేసిన ఊరిలోనే జరిపించి అమ్మనే అక్కడికి రమ్మనడం మేలు.